ఆరోగ్యశ్రీ పరిమితి పెంచడం కాదు, ఆగిన డబ్బు విడుదల చేయమని అడుగుదాం

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)
అందరికీ నమస్కారం. బడ్జెట్ సమావేశాలకు ముందే ఈ విషయం మాట్లాడుకోవాలి, ఆ తర్వాత మాట్లాడి లాభం లేదు. 2025 జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి తెలంగాణలో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు (పథకంలో చేరినవి) ఆరోగ్యశ్రీ కేసులు తీసుకోవడం ఆపేశాయి. అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవకు అదే గతి పట్టింది. అంతకుముందు 2024 మేలో, ప్రభుత్వం మారకముందు కూడా ఆంధ్రలో ఇదే జరిగింది. రాష్ట్రాలు వేరు, పార్టీలు వేరు, పథకం పేర్లు వేరు. కారణం మాత్రం ఒక్కటే: చేసిన ఆపరేషన్లకు డబ్బు రాలేదు. 2025లో ఆసుపత్రుల సంఘాలు చెప్పిన బకాయి రెండు రాష్ట్రాల్లోనూ విడివిడిగా వెయ్యి కోట్లు దాటింది.

ఇంకోవైపు పరిమితి పెరుగుతూనే ఉంది. 2007లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షలతో మొదలైంది. ఇప్పుడు తెలంగాణలో 10 లక్షలు, ఆంధ్రలో 25 లక్షలు. పేదవాడికి చేసే ఆపరేషన్లలో ఎక్కువ భాగం ప్యాకేజీ, అంటే ఒక్కో చికిత్సకు పథకం కట్టే మొత్తం, లక్ష, రెండు లక్షల లోపే ఉంటుంది. 25 లక్షల దాకా వెళ్లే కేసు ఎక్కడో ఒకటి. కార్డు మీద అంకె పెరిగితే పేషెంట్‌కు ఏం ఒరిగింది? ఆ లక్ష రూపాయలు ఆసుపత్రికి సమయానికి చేరితేనే అతనికి బెడ్ దొరుకుతుంది.

నేను అడిగేది ఒక్కటే. పాత బకాయి తీర్చాలి, బడ్జెట్‌లో రాసిన మొత్తాన్ని నెలనెలా విడుదల చేయాలి. ఈ మాటతో వినతిపత్రం రాసి మన మన నియోజకవర్గాల ఎమ్మెల్యేలకు, కలెక్టర్లకు ఇద్దామని ఉంది. ఈ వ్యవస్థను దగ్గర నుంచి చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీ అనుభవం చెప్పండి.

సిక్కోలు_పిల్ల
గోదారిగట్టు గారూ, మంచి పని మొదలుపెట్టారు. మా నాన్నకి డయాలసిస్. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం వాళ్లం, ఊళ్లో ఇలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. సేవలు ఆపినప్పుడల్లా టీవీలో "ఎమర్జెన్సీ, డయాలసిస్ ఆపడం లేదు" అని చెప్తారు. డయాలసిస్ మెషీన్ దగ్గర నిజంగానే ఆపరు. కానీ డయాలసిస్ ఒక్కటే కాదు కదా. డయాలసిస్ కోసం చేతి రక్తనాళాలు కలిపి పెట్టిన ఫిస్టులా పనిచేయకపోతే మళ్లీ చిన్న ఆపరేషన్ కావాలి. ఆ ఆపరేషన్‌ని వాళ్లు ఎమర్జెన్సీ కింద లెక్కపెట్టరు. "పై నుంచి అప్రూవల్ ఆగింది, సమ్మె అయ్యాక రండి" అన్నారు. అప్పటిదాకా మెడ దగ్గర గొట్టం పెట్టి నడిపించారు. దానికి ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరం, చలి. మా అమ్మ టెన్షన్‌తో రాత్రంతా నాన్న పక్కనే కూర్చునేది.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది, అది మాకు పెద్ద అండ. అలాగని అన్నీ అక్కడే అవవు. గుండెకి సంబంధించినదైతే విశాఖ వెళ్లాల్సిందే. అక్కడ కార్డు చెల్లుతుందా లేదా అన్నది బస్సు దిగి కౌంటర్ దగ్గరికి వెళ్లేదాకా తెలియదు.

బిల్లులబ్బాయి
నేను ఒక జిల్లా కేంద్రంలో చిన్న నెట్‌వర్క్ ఆసుపత్రిలో క్లెయిములు చూస్తాను. ఆసుపత్రి పేరు చెప్పను. డబ్బు ఎక్కడ ఆగుతుందో చాలామందికి తెలియదు, అందుకే వివరంగా రాస్తున్నా.

పేషెంట్ రాగానే ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో పథకం హెల్ప్‌డెస్క్ చూసేవాళ్లు) కార్డు చూసి పేరు నమోదు చేస్తారు. మేము పరీక్షల రిపోర్టులు పెట్టి ప్రీ ఆథరైజేషన్‌కి, అంటే ముందస్తు అనుమతికి పంపుతాం. పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు డాక్టర్లు చూసి అప్రూవ్ చేస్తారు. ఆపరేషన్ అవుతుంది, డిశ్చార్జి అవుతుంది. ఫొటోలు, కేస్ షీట్, పేషెంట్ సంతకం అన్నీ అప్‌లోడ్ చేసి క్లెయిమ్ పెడతాం. ఇక్కడిదాకా బాగానే నడుస్తుంది. ట్రస్టు క్లెయిమ్ పాస్ చేస్తుంది కూడా. పాసయ్యాక ఆ బిల్లు ఆర్థిక శాఖకి వెళ్తుంది. అసలు ఆగేది అక్కడ. విడుదల ఉత్తర్వు రావాలి, ఆ తర్వాత ఖజానాలో నగదు ఉండాలి. రెండూ కుదిరేదాకా "అప్రూవ్డ్" అన్న అక్షరాలు చూస్తూ కూర్చోవాలి.

ఈలోగా మేము స్టెంట్లు, ఎముకల్లో వేసే రాడ్లు, ప్లేట్లు డిస్ట్రిబ్యూటర్ దగ్గర అప్పు మీద తెస్తాం. అతను కొన్ని నెలలు ఓపిక పడతాడు. తర్వాత "పాత బాకీ కట్టండి, కొత్త సరుకు ఇస్తా" అంటాడు. అప్పుడు మా మేనేజ్‌మెంట్ ఏం చేస్తుందంటే, కేసు వద్దని నేరుగా అనదు. "ఈ వారం స్లాట్ లేదు" అంటుంది. సమ్మె అయితే పేపర్లో పడుతుంది. స్లాట్ లేదన్న మాట ఎవరి లెక్కలోకీ రాదు. సేవలు ఆపినట్టు ప్రకటన లేని నెలల్లోనూ ఇది నడుస్తూనే ఉంటుంది. వినతిపత్రంలో ఈ విషయం తప్పకుండా రాయాలి.

పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికి నగదు పేషెంట్లు ఉంటారు, అది తట్టుకుంటుంది. మాలాంటి యాభై పడకల ఆసుపత్రిలో పేషెంట్లలో ఎక్కువ మంది కార్డువాళ్లే. రెండు మూడు నెలల జీతాలు ఆలస్యమయ్యాక నర్సులు మానేస్తారు. నర్సులు పోయాక ఐసీయూ మూతపడుతుంది. ఆ తర్వాత డబ్బు వచ్చినా వాళ్లు తిరిగి రారు.

ముక్కుసూటి
నేను వేరే మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీ పోగా మిగిలేది ఎంత? ఆంధ్రలో ఏడాదికి 5 లక్షల ఆదాయం ఉన్న కుటుంబానికి కూడా కార్డు ఇచ్చారు. అంటే దాదాపు అందరికీ ఇచ్చినట్టే. ఇంతమందికి ఇస్తామన్నప్పుడు బకాయి పడక ఏమవుతుంది? ముందు అర్హులను తగ్గించండి, నిజంగా పేదలకే ఇవ్వండి. అప్పుడు డబ్బు సరిపోతుంది. పైగా ఈ డబ్బంతా ప్రైవేటు ఆసుపత్రుల జేబులోకే కదా వెళ్లేది.

పల్లెడాక్టరు
ముక్కుసూటి గారి చివరి వాక్యంతో మొదలుపెడతాను, అది నా మనసులో ఎప్పటినుంచో ఉన్న మాట. నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ని. ఆరోగ్యశ్రీ వచ్చాక పెద్ద ఆపరేషన్లకు డబ్బు దొరికింది, నిజం. గుండెలో రంధ్రంతో పుట్టిన పిల్లలు బతికారు. చెవులు వినపడని పసిబిడ్డలకు కాక్లియర్ ఇంప్లాంట్లు పెట్టారు. ఆ పిల్లలని చూసినవాళ్లెవరూ ఈ పథకం వద్దనరు. కానీ మా దగ్గర బీపీ మాత్రలు అయిపోతే ఇండెంట్ పెట్టి ఎదురుచూస్తాం. బీపీ, షుగర్ అదుపులో లేకపోతే అదే మనిషి పదేళ్ల తర్వాత కిడ్నీ పాడై కార్డు పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్తాడు. అప్పుడు లక్షలు ఖర్చు పెడతాం. మొదట్లో నెలకి కొన్ని రూపాయల మాత్రలతో సరిపోయేది.

ఇంకో విషయం. గర్భసంచి తీసే ఆపరేషన్లు అవసరం లేకపోయినా చేస్తున్నారని గతంలో ఎంత గొడవ జరిగిందో గుర్తుందా? ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లకి కూడా చేశారు. ప్యాకేజీ ఉంటే ఆపరేషన్ పుట్టుకొస్తుంది. ఆ తర్వాతే అలాంటి కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేశారు. కాబట్టి "డబ్బు విడుదల చేయండి" అని మాత్రమే అడిగితే చాలదని నా అభిప్రాయం. ఎక్కడికి విడుదల చేయాలో కూడా అడగాలి.

నర్సక్క
డాక్టరు గారూ, మీరన్నది నిజమే కానీ ఒక సంగతి వదిలేశారు. నేను బోధనాసుపత్రిలో పని చేస్తున్నా. ఆరోగ్యశ్రీ డబ్బు ప్రభుత్వ ఆసుపత్రికీ వస్తుంది. మేము చేసిన ఆపరేషన్‌కీ క్లెయిమ్ పెడతారు. అందులో కొంత ఆపరేషన్ చేసిన టీమ్‌కి ప్రోత్సాహకంగా, మిగతాది ఆసుపత్రి ఖర్చులకి. ఆ డబ్బుతోనే మోకాలి ఇంప్లాంట్ కొంటాం, ల్యాబ్‌లో పరీక్షలకి వాడే రీఏజెంట్లు తెస్తాం, పాడైన మానిటర్ బాగు చేయిస్తాం. బకాయి పడితే ప్రైవేటువాళ్లకి మాత్రమే కాదు, మాకూ ఆగుతుంది. తేడా ఏమిటంటే మేము సమ్మె చేయం, పేపర్లో రాయరు. పేషెంట్‌కి "రాడ్ బయట కొనుక్కురండి" అని చీటీ రాసిస్తారు. ఉచితమని వచ్చినవాళ్లు ఆ చీటీ పట్టుకుని మెడికల్ షాపు ముందు నిలబడి ఊళ్లో బంధువులకి ఫోన్లు చేస్తుంటారు. నా డ్యూటీలో నాకు బాగా కష్టంగా అనిపించేది అదే.

ప్రైవేటు వర్సెస్ ప్రభుత్వం అని మనలో మనం వాదించుకుంటే ఆర్థిక శాఖకి సుఖం. రెండు చోట్లా ఆగింది ఒకే డబ్బు.

ఓరుగల్లు
నర్సక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. నేను ఇంకొకటి కలుపుతా, ఇదే నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నష్టం.

2007కి ముందు ఎట్లుండేదో పెద్దోళ్లకి గుర్తుంటుంది. ఇంట్లో గుండె జబ్బు వస్తే ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టాలె. ఎమ్మెల్యే లెటర్ కావాలె. ఎమ్మెల్యే ఊళ్లో లేకపోతే ఆయన పీఏ చుట్టూ తిరగాలె. ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు మారింది ఇదే. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు తెల్లకార్డు చూపిస్తే చాలన్నారు. ఎవరి కాళ్లూ పట్టుకునే పని లేదు. సిఫారసుతో వచ్చేది హక్కుగా మారింది.

ఇప్పుడు బకాయిలతో ఏమైంది? ఆసుపత్రి కార్డు తీసుకోదు. ఇంటోళ్లు మిత్తికి తెచ్చి నగదు కడతరు. ఆ బిల్లులు పట్టుకుని మళ్లీ సీఎం సహాయ నిధికి, మళ్లీ ఎమ్మెల్యే ఆఫీసుకే. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో అయితే ఎల్ఓసీ కోసం, అంటే ఖర్చు ప్రభుత్వం కడుతుందని ముందే ఇచ్చే హామీ పత్రం కోసం తిరుగుడు. కట్టిన దాంట్లో కొంత భాగం చెక్కు రూపంలో వస్తుంది, దాన్ని ఫంక్షన్ పెట్టి ఫొటో దిగి ఇస్తరు. ఎల్ఓసీ ఇచ్చే నాయకుల మీద నాకు కోపం లేదు, ఆ టైమ్‌లో అది కూడా లేకపోతే మనిషి పోతడు. కానీ అదే డబ్బు ట్రస్టుకి పోయి ఉంటే ఆ మనిషి ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండకపోవు. పార్టీ తెలియని, నాయకుడు తెలియని ముసలామెకి ఎవరు లెటర్ ఇప్పిస్తరు?

ముక్కుసూటి
ఓరుగల్లు అన్నా, ఈ కోణం బాగుంది, ఒప్పుకుంటా. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. డబ్బు ఎక్కడిది?

పద్దులపుస్తకం
దీనికి నేను జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. బడ్జెట్ పుస్తకాలు చదవడం నా అలవాటు.

బడ్జెట్‌లో మూడు అంకెలు ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలో శాసనసభలో చెప్పేది అంచనా. ఏడాది చివర్లో దాన్ని సవరిస్తారు. నిజంగా ఎంత ఖర్చయిందన్నది రెండేళ్ల తర్వాతి బడ్జెట్ పుస్తకంలో చిన్న అక్షరాల్లో వస్తుంది. ప్రెస్‌మీట్లో వినపడేది మొదటి అంకె. ఆసుపత్రికి చేరేది మూడో అంకె. మనం చర్చంతా మొదటి అంకె మీదే చేస్తున్నాం.

ముక్కుసూటి గారు అడిగిన "డబ్బు ఎక్కడిది" అన్న ప్రశ్నని బడ్జెట్ రాసేటప్పుడు అడగాలి. శాసనసభ ఓటు వేసి ఆమోదించాక అది తేలిపోయిన విషయం. ఆ తర్వాత ఏ నెలలో ఎవరికి ముందు ఇవ్వాలన్నది ఆర్థిక శాఖలో కూర్చుని తీసుకునే నిర్ణయం. జీతం ఒకటో తారీఖు దాటితే ఉద్యోగ సంఘాలు అడుగుతాయి. వడ్డీ ఒక్కరోజు ఆలస్యమైతే రాష్ట్రం పరువు పోతుంది. పేదవాడి ఆపరేషన్ బిల్లు ఆరు నెలలు ఆగినా అడిగే సంఘం లేదు. అందుకే అది వరసలో చివరికి వెళ్తుంది.

జాతీయ ఆరోగ్య విధానం 2017లో రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతం కన్నా ఎక్కువ ఆరోగ్యానికి ఖర్చు పెట్టాలని, 2020 నాటికి అక్కడికి చేరాలని రాశారు. మన రెండు రాష్ట్రాలూ దానికి దూరంగానే ఉన్నాయి. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22కి 39.4 శాతానికి తగ్గింది. ప్రభుత్వం ఖర్చు పెట్టినచోట జేబు భారం తగ్గుతుంది. ప్రభుత్వం ఆపేస్తే ఆ ఖర్చు మాయమైపోదు, ఆ ఇంటి మీదే పడుతుంది.

అర్హుల సంఖ్య తగ్గించడం గురించి: 5 లక్షల ఆదాయ పరిమితి ఎక్కువేనని నాకూ అనిపిస్తుంది, దాని మీద చర్చ జరగాల్సిందే. కానీ బకాయి పడ్డప్పుడు ఎవరికి ముందు దెబ్బ తగులుతుందో చూడండి. నెలకి 40 వేలు వచ్చేవాళ్లు ఎలాగో అప్పు పుట్టించుకుంటారు. రోజు కూలీకి ఎవరూ ఇవ్వరు. డబ్బు ఆలస్యం చేయడమంటే ఏ చట్టమూ చేయకుండా కింది వరసలోని పేదలని జాబితాలోంచి తీసేయడమే.

సిక్కోలు_పిల్ల
> డబ్బు ఆలస్యం చేయడమంటే ఏ చట్టమూ చేయకుండా కింది వరసలోని పేదలని జాబితాలోంచి తీసేయడమే.
ఈ వాక్యం వినతిపత్రంలో ఉండాలండీ. దయచేసి అలాగే పెట్టండి.

కొత్తసభ్యుడు
కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద ఇస్తోంది కదా, మళ్లీ రాష్ట్రం డబ్బు ఎందుకు?

పద్దులపుస్తకం
ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబరులో మొదలైంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం 40 శాతం. కానీ కేంద్రం ఇచ్చేది తన జాబితాలో ఉన్న కుటుంబాల వరకే, అది కూడా కుటుంబానికి ఇంత అని హద్దు పెట్టి. మన రెండు రాష్ట్రాల్లో కార్డులున్న కుటుంబాలు అంతకన్నా చాలా ఎక్కువ. మిగతా అందరి ఖర్చూ పూర్తిగా రాష్ట్రానిదే. తెలంగాణ అయితే 2021లోగానీ అందులో చేరలేదు.

కోర్టుమెట్లు
చట్టం వైపు నుంచి రెండు విషయాలు.

1996లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకి దెబ్బ తగిలితే, ఒక ప్రభుత్వ ఆసుపత్రి తర్వాత ఇంకొకటి బెడ్ లేదని, సౌకర్యం లేదని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో చేర్చారు. అతని తరఫున కూలీల సంఘం కోర్టుకి వెళ్లింది. అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకి భంగమని కోర్టు చెప్పింది. నిధులు లేవన్న కారణంతో ప్రభుత్వం ఈ బాధ్యత నుంచి తప్పించుకోలేదని కూడా చెప్పింది. 25 వేల పరిహారం ఇప్పించింది. "డబ్బు ఎక్కడిది" అన్న ప్రశ్నకి న్యాయపరంగా జవాబు అక్కడ ఉంది. ఆ తీర్పు ప్రధానంగా ఎమర్జెన్సీ గురించే అన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లన్నిటికీ దాన్ని నేరుగా వాడలేం.

రెండోది ఆలస్యానికి మూల్యం. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం 2006 ప్రకారం చిన్న సంస్థకి కొనుగోలుదారు 45 రోజుల్లో డబ్బు కట్టకపోతే చక్రవడ్డీ పడుతుంది. ఆయుష్మాన్ భారత్ మార్గదర్శకాల్లో కూడా రాష్ట్రంలోపలి క్లెయిములకి 15 రోజులు, వేరే రాష్ట్రం పేషెంట్ అయితే 30 రోజులు అని గడువు రాశారు. గడువు రాయడం కొత్తేమీ కాదు. గడువు దాటితే వడ్డీ తప్పదని రాసి, ఆ వడ్డీ మొత్తాన్ని ఏటా శాసనసభ ముందు పెట్టమని అడగాలి. వడ్డీ అంకె బయటికొస్తే ఎమ్మెల్యేలే లేచి అడుగుతారు.

బిల్లులబ్బాయి
కోర్టుమెట్లు సార్, ఆ 45 రోజుల చట్టం పట్టుకుని మాలాంటి ఆసుపత్రి ప్రభుత్వం మీద కేసు వేస్తే మర్నాడు మా మీద తనిఖీ ఉంటుందన్న భయం ఉంది. భయం నిజమా కాదా అన్నది పక్కన పెట్టండి, దానివల్లే ఎవరూ వేయరు. గడువు చట్టంలోనే ఉంటే ఒక్కో ఆసుపత్రి అడగాల్సిన పని ఉండదు.

హెల్ప్‌డెస్క్_మిత్ర
నేను ఆరోగ్యమిత్రని. ఇంతవరకు చదువుతూ ఉన్నా, ఇక రాయకుండా ఉండలేకపోయా.

సేవలు ఆగినప్పుడు పేషెంట్ ముందు ఉండేది మేమే. వాళ్ల కోపమంతా మా మీదే, అది వాళ్ల తప్పు కాదు. చాలామందికి తెలియని కొన్ని విషయాలు చెప్తా, ఎవరికైనా ఉపయోగపడతాయి. ఆసుపత్రి కేసు తీసుకోనంటే ఊరికే వెనక్కి వెళ్లిపోవద్దు. హెల్ప్‌డెస్క్‌లో మీ పేరు, కార్డు నంబరు నమోదు చేయించండి. 104కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. దగ్గరలో ఏ ఆసుపత్రి తీసుకుంటోందో వాళ్లనే అడగండి. ఆయుష్మాన్ కార్డు ఉంటే 14555 కూడా ఉంది. ప్యాకేజీలో పరీక్షలు, భోజనం, డిశ్చార్జి అయ్యాక ఇచ్చే మందులు, ఇంటికి వెళ్లే ఛార్జీలు అన్నీ కలిసే ఉంటాయి. వాటికి విడిగా డబ్బు అడిగితే రసీదు ఇవ్వమనండి. రసీదు ఇవ్వడానికి వెనకాడితే అది కూడా ఫిర్యాదులో చెప్పండి.

నమోదు చేయించమని ఎందుకు పట్టుబడుతున్నానంటే, తిప్పి పంపినవాళ్ల లెక్క ఎక్కడా లేదు. బిల్లులబ్బాయి చెప్పిన "స్లాట్ లేదు" కేసులు కాగితం మీదికి రావు. చేసిన ఆపరేషన్ల సంఖ్యే పైకి వెళ్తుంది. ఆగిపోయిన ఆపరేషన్ల సంఖ్య కూడా నెలనెలా బయట పెట్టమని మీ వినతిపత్రంలో ఒక్క లైను రాయండి. ఈ డబ్బు ఎంత అవసరమో ఆ లైను చెప్పినట్టు ఇంకేదీ చెప్పలేదు.

పల్లెడాక్టరు
మిత్ర గారు చెప్పింది చదివాక నేను ఒక మెట్టు దిగుతున్నా. బకాయి తీర్చమనడాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. దాంతోపాటు రెండు వాక్యాలు చేర్చమని కోరుతున్నా. ప్రభుత్వ ఆసుపత్రుల క్లెయిములకి ప్రైవేటుతో సమానంగా అదే రోజు డబ్బు విడుదల కావాలి. బీపీ, షుగర్ మందుల కొనుగోలుకి పెట్టిన పద్దులోంచి ఆరోగ్యశ్రీ బకాయిల కోసం డబ్బు మళ్లించకూడదు. బకాయి తీర్చే ఒత్తిడిలో ముందు కోత పడేది మా మందుల మీదే అవుతుందని నా భయం.

గోదారిగట్టు
తప్పకుండా చేరుస్తాను డాక్టరు గారూ. ఆంధ్రలో కొత్తగా తెస్తున్న బీమా పద్ధతి గురించి ఎవరైనా చెప్తారా? 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించింది కదా, 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు అని. అది వస్తే బకాయి సమస్య పోతుందా?

పద్దులపుస్తకం
పోదని నా అభిప్రాయం. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది కూడా బీమా కంపెనీతోనే. తర్వాత ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతికి మారారు. బీమాలో ఒక మంచి ఉంది: ప్రీమియం ముందుగా కట్టాలి కాబట్టి ప్రభుత్వం డబ్బు ముందే తీయక తప్పదు. కానీ ప్రీమియం వాయిదా కట్టకపోతే కంపెనీ కూడా క్లెయిములు ఆపేస్తుంది. డబ్బు తీయాల్సిన చెయ్యి అదే. పైగా కంపెనీకి క్లెయిమ్ తిరస్కరిస్తే లాభం, ట్రస్టుకి ఆ ఆశ లేదు. ఎక్కువమంది పేషెంట్లు 2.5 లక్షల లోపే ఉంటారు కాబట్టి తిరస్కరణల లెక్క మీద మొదటి రోజు నుంచే కన్నేసి ఉంచాలి.

నర్సక్క
బీమా వస్తే కాగితాల పని ఇంకా పెరుగుతుంది. ఇప్పటికే వార్డులో ఒక సిస్టర్ సగం రోజు ఫొటోలు అప్‌లోడ్ చేయడానికే పోతోంది. దీని గురించి వేరే చర్చ పెడదాం.

నిర్వాహకుడు
ఒక పార్టీ పేరు పెట్టి తిట్టిన రెండు పోస్టులు తీసేశాను. ముగ్గురు ముఖ్యమంత్రుల హయాంలో, రెండు రాష్ట్రాల్లో నడిచిన సమస్య ఇది. విషయం మీదే రాయండి.

గోదారిగట్టు
ఇప్పటిదాకా అందరూ చెప్పిన దాంతో ముసాయిదా రాశాను. చూడండి:

"అయ్యా, పేద కుటుంబాల వైద్యానికి శాసనసభ ఆమోదించిన నిధులు సమయానికి విడుదల కాక ఆసుపత్రులు మా కార్డులను తిరస్కరిస్తున్నాయి. డబ్బు ఆలస్యం చేయడమంటే ఏ చట్టమూ చేయకుండా కింది వరసలోని పేదలను జాబితాలోంచి తీసేయడమే. కాబట్టి ఇప్పటివరకు ఉన్న బకాయిని ఈ ఆర్థిక సంవత్సరంలోనే తీర్చాలి. వచ్చే బడ్జెట్ నుంచి ఆమోదించిన మొత్తంలో పన్నెండో వంతును ప్రతి నెలా జీతాలతోపాటు ట్రస్టుకు విడుదల చేయాలి. పాసైన క్లెయిముకు 45 రోజుల్లో చెల్లింపు, ఆపైన వడ్డీ ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రుల క్లెయిములకు ప్రైవేటుతో సమానంగా అదే రోజు విడుదల జరగాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల మందుల నిధులను ఇందుకు మళ్లించరాదు. తిరస్కరించిన, వాయిదా వేసిన కేసుల సంఖ్యను జిల్లాలవారీగా ప్రతి నెలా ప్రకటించాలి. పరిమితి పెంచే ముందు ఈ పనులు చేయాలని కోరుతున్నాం."

ముక్కుసూటి
నేను కూడా సంతకం పెడతాను. కానీ "పన్నెండో వంతు" దగ్గర ఒక మార్పు. వానాకాలంలో జ్వరాలు, డెంగీ కేసులు పెరుగుతాయి, క్లెయిములూ పెరుగుతాయి. ప్రతి నెలా సమానంగా అని రాస్తే ఆ నెలల్లో మళ్లీ బకాయి పడుతుంది. "పన్నెండో వంతుకు తగ్గకుండా, అవసరమైన నెలల్లో ఎక్కువగా" అని రాయండి.

బిల్లులబ్బాయి
మంచి సవరణ. ఇంకోటి, "45 రోజుల్లో" అన్నది ఏ రోజు నుంచి అని స్పష్టంగా రాయాలి. పాసైన రోజు నుంచి అని రాస్తే పాస్ చేయడమే ఆలస్యం చేస్తారు. క్లెయిమ్ అప్‌లోడ్ చేసిన రోజు నుంచి అనండి. లోపాలుంటే 7 రోజుల్లోగా ఒకేసారి అడగాలని కూడా పెట్టండి. ఒక్కో కొర్రీ విడివిడిగా వేస్తే నెలలు గడిచిపోతాయి.

ఓరుగల్లు
రెండూ మార్చి పెట్టండి గోదారిగట్టు గారూ. మా దగ్గర సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. నేను, ఇంకొందరు కలిసి ఇస్తాం. ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో కూడా ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకుంటాం.

సిక్కోలు_పిల్ల
ఇక్కడా సోమవారమే, ప్రజా సమస్యల పరిష్కార వేదిక. మా ఊరి డయాలసిస్ వాళ్ల ఇళ్లకి తిరిగి సంతకాలు పెట్టిస్తాను. సోమవారం కొందరికి డయాలసిస్ రోజు కాబట్టి వాళ్లు రాలేరు, వాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు వస్తారు. సవరించిన కాపీ శనివారం సాయంత్రంలోగా ఇక్కడ పెడితే ఆదివారం ప్రింట్ తీయిస్తా.

హెల్ప్‌డెస్క్_మిత్ర
వెళ్లేవాళ్లు ఆధార్ జిరాక్సు, ఫోన్ నంబరు తీసుకెళ్లండి, నమోదు చేసేటప్పుడు అడుగుతారు. మీకిచ్చే అర్జీ నంబరు ఇక్కడ పోస్ట్ చేయండి. ఏ జిల్లా నుంచి ఏ జవాబు వచ్చిందో అన్నీ ఒకేచోట ఉంటే వచ్చే నెల మళ్లీ అడగడానికి పనికొస్తుంది.